పాత చెక్కనేలకి రంగు వేయించాలా, పాలిష్ పట్టించాలా?

పోయినవారం ఊరగాయ జాడీలు ఎండబెట్టుకునే సంగతి చెప్పుకున్నాం. ఈ వారం అటకమీది జాడీల్నుంచి కాళ్ళకింది నేలకి దిగుదాం.

"మా ఇంట్లో టైల్సు, గ్రానైటు తప్ప చెక్కనేల ఎక్కడిదమ్మా!" అని పేజీ తిప్పేయకండి. పాత టేకు తలుపులున్నా, కిటికీలున్నా, పెచ్చులూడుతున్న ఉయ్యాలబల్ల ఉన్నా ఈ కబురు మీకూ పనికొస్తుంది. పైగా ఇంట్లో కడుపుతో ఉన్న పిల్లగానీ, పాకే పసివాడుగానీ ఉంటే చివరిదాకా చదివి తీరాలి.

మాది రాజమండ్రికి దగ్గర్లో ఉన్న పల్లెటూరు. నేను ఇంటర్ పాసై, పెళ్ళి చేసుకుని 1999లో ఈ ఇంట్లో అడుగుపెట్టాను. పెంకుటిల్లే అయినా ఒక పక్క మేడగది ఉంది. ఆ గది నేల సిమెంటు కాదు. దూలాలమీద అడ్డంగా టేకు చెక్కలు పరిచి, మేకులు కొట్టేశారు. ఒకప్పుడు గోదావరి మీద దుంగల్ని తెప్పలుగా కట్టి రాజమండ్రికి తెచ్చేవారు. అందుకే మా వైపు పాత ఇళ్ళల్లో టేకుకి కరువు లేదు. మేడగది చెక్కలే కిందిగదికి పైకప్పు. మధ్యలో ఇంకేమీ లేదు. పైన ఎవరైనా నడిస్తే కింద పడుకున్నవాళ్ళకి అడుగుల చప్పుడు లెక్కపెట్టుకోవచ్చు!

ఆ చెక్కలకి 1988లో మా వదినగారి పెళ్ళికి ఎర్రరంగు వేయించారట. నేను వచ్చేసరికే నడిచే దారంతా అరిగిపోయి చెక్క బయటపడింది. గోడల పక్కన మాత్రం పెచ్చులు పెచ్చులుగా మిగిలింది. ఇన్నేళ్ళూ చూసీ చూడనట్టు గడిపేశాను. కానీ మొన్న సంక్రాంతికి మా అమ్మాయికి ఆరో నెల నిండింది. మార్చిలో పురిటికి వస్తుంది. కిందిగది పురిటిగది, మేడగది వచ్చేపోయే చుట్టాలకి. "ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు బాగుచేయిస్తాం?" అని పట్టుబట్టాను.

అక్కడ మొదలైంది అసలు రగడ!

నాకేమో రంగంతా గీకించేసి, టేకు గీతలు కనబడేలా పాలిష్ పట్టించాలని. హైదరాబాదులో మా అమ్మాయి వాళ్ళ పక్క ఫ్లాటులో అలాంటి నేల చూసినప్పట్నుంచీ కన్ను అక్కడే ఉంది. మావారికేమో డబ్బాడు రంగు తెచ్చి పులిమేస్తే చాలు. మా అత్తగారు మాత్రం, "ఏదైనా చేసుకోండర్రా. నాకు మాత్రం ఆ ఎరుపే బావుంటుంది" అని చెప్పి జపమాల తీసుకుని కూర్చున్నారు.

గది పన్నెండు అడుగులు, పదిహేను అడుగులు. అంటే 180 చదరపు అడుగులు. రంగుల మేస్త్రి లెక్క వేసి, ఎనామిల్ రంగయితే కూలీతో సహా ఎనిమిదివేలు, మిషను పెట్టి గీకి పి.యు. పాలిష్ కొడితే ఇరవై రెండువేలు అన్నాడు. మావారు నావైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను! చివరికి నా చీటీపాట డబ్బులు కలుపుతానంటే ఒప్పుకున్నారు.

మా ఊరి వడ్రంగి తాతగారిని కూడా పిలిపించాం. మా మావగారి రోజుల్నుంచీ మా తలుపులన్నీ ఎరిగిన మనిషి. ఆయన నేలమీద మోకాళ్ళమీద కూర్చుని మూడు పరీక్షలు చేశారు. మీకూ పనికొస్తాయి, చూడండి.

మొదటిది నీటిచుక్క పరీక్ష. చెక్కమీద అక్కడక్కడ నీటిచుక్క వేసి కాసేపు చూడాలి. చుక్క పూసలా నిలబడితే పైన ఇంకా పూత ఉన్నట్టు. ఇంకిపోయి చెక్క నల్లబడితే పూత పోయినట్టు.

రెండోది స్క్రూడ్రైవర్ పరీక్ష. చెక్క అంచుల్ని మొనతో పొడిచి చూడాలి. టేకు చేవకి చెదలు అంత తేలిగ్గా పట్టదు. కానీ చేవచుట్టూ తెల్లగా ఉండే భాగానికి ఆ బలం లేదు. మొన మెత్తగా దిగబడితే రంగూ కాదు, పాలిష్షూ కాదు, ముందు ఆ చెక్క మార్చాలి.

మూడోది మేకుల పరీక్ష. మేకుతలలు చెక్కలోపలికి దిగి ఉన్నాయా, పైకి తేలాయా చూడాలి. మిషనుతో గీకినప్పుడల్లా చెక్క కొంత అరుగుతుంది. చెక్క పలచబడి మేకులు పైకి తేలితే ఇంకోసారి గీకించడం దండగ. తర్వాత కాళ్ళకి గుచ్చుకుంటాయి కూడా.

మా నేల మూడింటిలోనూ పాసైంది. కిటికీ దగ్గర ఒక్క చెక్క అంచు మాత్రం మార్చాలన్నారు. నాకింకేం కావాలి? మేస్త్రికి రెండువేలు అడ్వాన్సు ఇచ్చేశాం.

సోమవారం పొద్దున్న మేస్త్రి మిషను తెచ్చాడు. గుమ్మం పక్కన మూల మొదలుపెట్టాడు. చెవులు చిల్లులు పడే చప్పుడు! పావుగంటకి పైకెళ్ళి చూస్తే రెండడుగుల మేర టేకు బంగారంలా బయటపడింది. మురిసిపోతూ కిందికి దిగి పురిటిగదిలోకి వెళ్ళానా... అమ్మాయి కోసం కొత్తగా పరిచిన తెల్లదుప్పటి నిండా ఎర్రటి పొడి. పిండి జల్లెడ పట్టినట్టు చెక్కల సందుల్లోంచి సన్నగా రాలుతూనే ఉంది.

దులుపుదామని దుప్పటి పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే అమ్మాయి ఫోను. ఏం చేస్తున్నావమ్మా అంటే ఉన్నమాట చెప్పాను. అది గట్టిగా, "అమ్మా! ముందు ఆ మిషను ఆపించు. మొన్న డాక్టరుగారు నన్ను అడిగారు, ఇంట్లో పాత రంగులు గీకే పనులేమైనా జరుగుతున్నాయా అని. పాతరంగుల్లో సీసం ఉంటుందట" అంది.

ఆపించాను. మేస్త్రి విసుక్కున్నాడు. "ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నానమ్మా, నాకేమైంది?" అన్నాడు. మావారు, "అడ్వాన్సు కూడా ఇచ్చాం, మిషను అద్దెకి తెచ్చాడు, నువ్వు మరీనూ" అన్నారు. నేను మాత్రం కదల్లేదు. ఆ సాయంత్రం అమ్మాయి డాక్టరుగారిని అడిగి తెలుసుకుని, మళ్ళీ ఫోను చేసి వివరంగా చెప్పింది. మీకూ చెబుతాను.

పాతకాలం ఎనామిల్ రంగుల్లో మెరుపుకీ, త్వరగా ఆరడానికీ, రంగు నిలవడానికీ సీసం కలిపేవారు. ముఖ్యంగా ఎరుపు, పసుపు లాంటి ముదురు రంగుల్లో. మనదేశంలో ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళకి 90 పాళ్ళు మించకూడదని 2016లో నిబంధన చేశారు. అది 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే అంతకుముందు వేసిన రంగుల్లో ఎంత ఉందో పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు. చూసి చెప్పలేం, వాసనపట్టి చెప్పలేం. కాబట్టి పాతరంగు అంటే సీసం ఉన్నట్టే అనుకుని జాగ్రత్తపడటం మంచిది.

గట్టిగా అంటుకుని ఉన్న రంగు ఊరికే ఏమీ చేయదు. దాన్ని పొడిపొడిగా గీకితేనే ముప్పు. ఆ పొడి గాల్లో తేలి ఊపిరిలోకి పోతుంది. నేలమీద పడి, పాకే పిల్లల చేతులకి అంటి నోట్లోకి పోతుంది. కడుపుతో ఉన్న తల్లి ఒంట్లో చేరితే బిడ్డకీ చేరుతుంది. పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. ఒంట్లో ఇంతవరకూ ఉన్నా ఫరవాలేదు అనే హద్దు తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇదంతా చెబుతుంటే మా అత్తగారు జపమాల ఆపి వింటున్నారు. కాసేపటికి మెల్లగా, "మీ వదిన పిల్లలిద్దరికీ ఆ గదిలోనే ఉయ్యాల కట్టాం కదే. పొద్దున్న లేవగానే పక్కమీద ఎర్రటి పొట్టు దులిపేదాన్ని" అన్నారు. నాకేం మాట్లాడాలో తోచలేదు. "అప్పుడు మనకెవరు చెప్పారత్తయ్యా?" అన్నాను. ఆవిడ తలూపారుగానీ ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు. మర్నాడు మేనల్లుళ్ళిద్దరికీ ఫోను చేయించుకుని మాట్లాడారు. వాళ్ళు చక్కగా ఉద్యోగాలు చేసుకుంటున్నారు. అయినా అమ్మమ్మ మనసు కదా!

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. రంగా, పాలిష్షా?

పాలిష్ పట్టాలంటే పాతరంగు మొత్తం పోవాలి. అది పోవాలంటే గీకాలి. కింద పురిటిగది, పైన సందులున్న నేల. ఎంత జాగ్రత్తపడినా ఆ పొడి కిందికి రాలుతుంది. రంగు వేయాలంటేనో, ఊడిపోయే పెచ్చులు మాత్రం తీసేసి, మిగిలినదాన్ని తడిమీదే నునుపు చేసి, పైన కొత్త పూతతో కప్పేస్తే చాలు. పాతరంగు కింద అణిగి ఉంటుంది. రెండు రోజులు ఆలోచించాను. బంగారంలా మెరిసిన ఆ రెండడుగుల మూల కళ్ళముందు కదులుతూనే ఉంది. చివరికి నేనే మావారితో అన్నాను, "రంగే వేయిద్దామండీ" అని. ఆయన నావైపు వింతగా చూసి, "నేను మొదట్నుంచీ అదేగా చెప్పింది!" అన్నారు. పోనీలెండి, ఒకసారి గెలవనిద్దాం!

పని ఎలా చేయించామో వరసగా చెబుతాను.

పైగదీ, కిందిగదీ రెండూ ఖాళీ చేశాం. కిందిగది నేలంతా మందపాటి ప్లాస్టిక్ పట్టా రెండు వరసలు పరిచి, అంచులకి టేపు వేశాం. అంతకుముందు రాలిన పొడిని చీపురుతో ఊడ్వలేదు. తడిగుడ్డలతో ఎత్తాం. మామూలు వాక్యూమ్ క్లీనరు కూడా పనికిరాదట, అది సన్నటి పొడిని వెనకనుంచి గాల్లోకి వదిలేస్తుంది. ఆ దుప్పటిని దులపకుండా, మడతపెట్టి, విడిగా ఉతికాం. అత్తగారిని నాలుగురోజులు మా తోడికోడలింటికి పంపాం.

మేస్త్రికి ఎన్-95 మాస్కు కొనిచ్చాం. ముఖానికి చుట్టుకునే తువ్వాలు ఆ పొడిని ఆపదు. పెచ్చులమీద నీళ్ళు చిలకరించి, తడిగా ఉండగానే ఊడేవరకే గీకమన్నాం. ఊడనిదాన్ని బలవంతంగా పీకనివ్వలేదు. మెరుపు పోవడానికి వాటర్ పేపరుతో తడిమీద రుద్దాడు. వచ్చిన బురదని ఎప్పటికప్పుడు పాతగుడ్డలతో ఎత్తేశాం. ఆ గుడ్డలు, పెచ్చులు రెండు కవర్లలో మూటకట్టి, చెత్తబండి వాళ్ళకి సంగతి చెప్పి విడిగా ఇచ్చాం. పొయ్యిలో వేయకూడదు, పెరట్లో పారబోయకూడదు. మంటపెట్టి రంగు ఊడదీసే పద్ధతి అసలే వద్దు, సీసం పొగై ఊపిరిలోకి పోతుంది. పని అయ్యాక మేస్త్రి అన్నం ముందు కూర్చునేలోపు చేతులూ ముఖమూ సబ్బుతో కడుక్కునేదాకా నేను విస్తరి వేయలేదు. మొదట నవ్వాడుగానీ మూడోరోజుకి ఆ తడిపద్ధతి తనకీ దగ్గు రానివ్వలేదని తనే ఒప్పుకున్నాడు.

తర్వాత సబ్బునీళ్ళతో ఒకసారి, మంచినీళ్ళతో ఒకసారి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, రెండురోజులు ఆరనిచ్చాం. సందుల సంగతి వడ్రంగి తాతగారు చూసుకున్నారు. మేస్త్రి లప్పం పెడతానంటే ఆయన ఒప్పుకోలేదు. చెక్క వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. లప్పం బిరుసుగా ఉండి, పగిలి మళ్ళీ కిందే రాలుతుంది. అందుకని సన్నసందుల్లో పురికొస కూరి నొక్కారు. వెడల్పు సందుల్లో టేకుబద్దలు దించి, ఒక్క పక్కే జిగురు పెట్టారు. రెండోపక్క చెక్క కదలడానికి వీలుండాలట.

చెక్క బయటపడిన చోట టేకులో సహజంగా ఉండే నూనెవల్ల రంగు సరిగా పట్టదు. అక్కడ థిన్నరు గుడ్డతో తుడిచి వెంటనే ప్రైమరు వేశారు. పైన ఎనామిల్ రెండు పలచటి పూతలు, మధ్యలో ఒకరోజు ఆరనిచ్చి. ఒకేసారి మందంగా వేస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది. రంగు కొనేటప్పుడు డబ్బామీద సీసం 90 పి.పి.ఎం. మించలేదన్న మాట ఉందో లేదో కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూశాను. రంగు ఏదంటారా? ఎరుపే! మా అత్తగారి మాట చెల్లింది.

పని జనవరి చివర్లో అయిపోయింది. తేమలేని రోజులు కాబట్టి బాగా ఆరింది. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి, రంగు జిగటగా ఉండిపోతుంది. ఆరుగానీ వాసన పోవడానికి టైము పడుతుంది. కిటికీలు తీసి ఉంచి, అమ్మాయి వచ్చేలోపు అయిదారు వారాలు వదిలేశాం. కిందిగది పైకప్పుకి పాతకాలంలోలా తెల్లటి చాందినీ కూడా కట్టించాను. ఇంకా ఏదైనా రాలినా ఉయ్యాలమీద పడకుండా.

రంగు వేసేశాం కదా అని మర్చిపోతే కుదరదు. నేలమీది రంగు నడకకి అరుగుతుంది. కొన్నేళ్ళకి పాతది మళ్ళీ బయటపడొచ్చు. అందుకే గుమ్మం నుంచి మంచందాకా చాప పరిచాం. మంచంకోళ్ళకి గుడ్డ చుట్టాం. ఎక్కడ పెచ్చు లేచినా ఆ వారమే తడిపద్ధతిలో సరిచేసి పూత వేయాలి. పొడిచీపురు పెట్టకుండా, పిండిన తడిగుడ్డతో తుడవాలి. బకెట్టుతో నీళ్ళు కుమ్మరిస్తే మాత్రం చెక్క వంకర తిరుగుతుంది.

మరి ఎవరికి ఏది మేలు?

• మీ చెక్కకి ఇదివరకు ఎప్పుడూ రంగు వేయలేదా? చెక్క గట్టిగా ఉందా? అయితే నిక్షేపంగా పాలిష్ పట్టించుకోండి. ఆ గీతల అందం ఏ రంగుకీ రాదు. ఒకసారి రంగు వేశాక వెనక్కి రావడం కష్టం.

• నేలకైతే పి.యు. పూత మేలు. లక్కని స్పిరిట్‌లో కరిగించి వేసే ఫ్రెంచ్ పాలిష్ కుర్చీలకి, బీరువాలకి బాగుంటుందిగానీ నీళ్ళు పడితే తెల్లమచ్చలు వస్తాయి.

• అవిసెనూనె పట్టించేవాళ్ళకి ఒక హెచ్చరిక. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్ళలో ముంచి, ఆరుబయట విడివిడిగా ఆరేయండి.

• పాతరంగు ఉండి, గట్టిగా అంటుకుని ఉంటే గీకించకండి. పైన కొత్తపూత వేయించండి.

• పాతరంగు పెచ్చులూడుతూ, ఇంట్లో గర్భిణిగానీ పసిపిల్లలుగానీ ఉంటే, వాళ్ళు ఊళ్ళో లేనప్పుడు తడిపద్ధతిలో చేయించండి. వీలుకాకపోతే అప్పటిదాకా ఆ గది మూసి ఉంచండి. పనివాళ్ళు అంటే వాళ్ళకీ ఇంట్లో పిల్లలుంటారు. పనిబట్టలతో ఎత్తుకోవద్దని ఒక మాట చెప్పండి.

• పిల్లలు పళ్ళతో కొరికే పాత కిటికీ ఊచలు, ఉయ్యాల అంచులు కూడా ఒకసారి చూసుకోండి. అక్కడా ఇదే సంగతి.

మా అమ్మాయికి ఏప్రిల్‌లో మగపిల్లాడు పుట్టాడు. ఇరవయ్యొకటో రోజున బారసాల ఆ కిందిగదిలోనే చేశాం. చుట్టాలంతా మేడగదిలో దిగారు. "నేల భలే ఉందే, కొత్తగా వేయించారా?" అని అందరూ అడుగుతుంటే మావారు తన ఘనతే అన్నట్టు మీసం సవరించుకున్నారు. నేనేమీ అనలేదు.

గుమ్మం పక్కన మిషను పెట్టిన ఆ రెండడుగుల మూల మాత్రం రంగు వేయించకుండా, పైన పి.యు. పూత వేయించి వదిలేశాను. దీపం పెట్టడానికి వెళ్ళినప్పుడల్లా ఒకసారి చూసుకుంటాను. కింద ఉయ్యాల దగ్గర మా అత్తగారు రోజూ పొద్దున్నే ముని మనవడి పక్కబట్టని వెలుతురులో పట్టుకుని చూస్తారు. తెల్లగానే ఉంటుంది. మడతపెట్టి, "ఏమీ లేదే" అని నాకు చెబుతారు.

మీ ఇళ్ళల్లో పాతచెక్క సంగతులేమైనా ఉంటే రాయండి. వచ్చేవారం వానలు మొదలయ్యేలోపు పప్పులు, బియ్యం పురుగుపట్టకుండా ఎలా దాచుకోవాలో మాట్లాడుకుందాం. ఉంటానండీ!